ఆర్న్‌క్లిఫ్ మీదుగా

ఆదివారం పొద్దున్న కీథ్లీ ఊరు ముసుగు తియ్యకముందే
రోజ్‌లీన పెరట్లో గొంతుక్కూచుని
బండి గొలుసుకి నూనె పెడుతుంటుంది,
జడ వేయించుకోనని మొరాయించే పిల్లని
మోకాళ్ల మధ్య ఇరికించుకున్నట్టు.

పదకొండేళ్లు ఆ పని నాది. హ్యాండిలూ నాదే.
వెనక కూర్చుని నా కోటు జేబుల్లో
చేతులు వెచ్చబెట్టుకునేది తను.
నిరుడు నా చూపు అంచులకి చెద పట్టింది,
పాత పుస్తకానికి పట్టినట్టు
నడిమి అక్షరాలు వదిలేసి
చుట్టూ తినుకుంటూ వచ్చింది.
లీడ్స్‌లో డాక్టరమ్మ లైసెన్సు మాట ఎత్తినప్పుడు
నేనేమీ అనలేదు.
ఇంటికొచ్చి తాళంచెవి కందిపప్పు డబ్బాలో దాచాను.
వారం తర్వాత చూస్తే
పప్పు ఉంది, తాళంచెవి లేదు.

యాభైరెండేళ్ల మనిషి,
ఆపరేషన్ థియేటర్లో రాత్రుళ్లు నిలబడి కత్తెరలందించే మనిషి
సూపర్‌మార్కెట్ ఖాళీ పార్కింగులో
నారింజరంగు ప్లాస్టిక్ టోపీల మధ్య పడింది, లేచింది,
మళ్లీ పడింది.
మోకాలికి కట్టు తనే కట్టుకుంటూ అంది:
"ఏలీషా, ఇక నువ్వు పక్కచూపులు ఎలాగూ చూడలేవు.
నా వీపు చూస్తూ కూర్చో."

కూర్చున్నాను.

స్కిప్టన్ దాటాక కాసేపటికి పెద్ద రోడ్డు వదిలేస్తాం.
రాతిగోడలు రెండు పక్కలా దగ్గరికి జరుగుతాయి.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి బరువే రాయికి బంధుత్వం.
నాకు దక్కేది తన భుజం మీంచి ఒక గుండ్రటి ముక్క:
జల్లెడంత ఆకాశం, కింద చేటంత రోడ్డు.
మిగతాది తను కేకేసి చెబుతుంది.
"ఎడంపక్క ఏరు! నీళ్లు తక్కువున్నాయి!"
"కుడిపక్క గొర్రెలు! ఒకదాని వీపు మీద నీలిమందు!"
"గేటు దగ్గర ముసలాయన చెయ్యూపాడు, నువ్వూ ఊపు!"
ఊపుతాను.
అప్పటికి ఆయన పావుమైలు వెనకుంటాడు,
నా పలకరింపు ఏ హాథార్న్ పొదకో అందుతుంది.

నేను మాత్రం ఊరుకుంటానా,
మలుపు రాకముందే "రెండో గేరు" అంటాను.
"వినపళ్లేదు" అంటుంది
అప్పటికే రెండో గేరులో ఉండి.

ఆర్న్‌క్లిఫ్ వంతెన దగ్గర ఆగి ఫ్లాస్కు తీస్తాం.
ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లారుతుంది.
అల్లం టీ, గోంగూర పూసిన బ్రెడ్డు.
హెల్మెట్ తీశాక తన నెరిసిన జుట్టు
నుదుటికి అంటుకుని ఉంటుంది.
సరిగ్గా నా గుండ్రటి ముక్కలో పట్టేంత ముఖం,
ఒక్క చెవిపోగు తప్ప.

హాల్టన్ గిల్ దాటి ఎక్కుడు మొదలు.
పశువులు దాటకుండా రోడ్డుకడ్డంగా వేసిన ఇనపకమ్మీల మీద
బండి గడగడలాడి పళ్లు కలిసి కొట్టుకుంటాయి.
తీతువులు లేస్తాయి.
మా అమ్మ వింటే చీర చెంగు బిగించి ప్రార్థన మొదలెట్టేది;
ఇక్కడి తీతువులకి శకునాలు తెలియవు,
ఊరికే అరుస్తాయి, గాలి బావుందని.

పైకి వచ్చాక తన గొంతు ఆగిపోయింది.
గడియ గడిచింది. నాకు కంగారు.
"ఏమైంది? చెప్పవేం?"
"చెప్పడానికి పక్కల్లో ఏమీ లేదు.
అంతా ఎదురుగానే ఉంది, చూడు."

చూశాను. పెన్-ఈ-గెంట్ కొండ,
పనయ్యాక పడుకున్న ఎద్దులా, మూపురం మీద మబ్బు నీడ.
ఎవరూ చెప్పకుండా, మొత్తం.

దిగేటప్పుడు వాన పట్టుకుంది.
నా గ్లౌజులు తడిసి
తన కోటు జేబుల్లో చేతులు పెట్టుకున్నాను.
ఒకదాంట్లో పిప్పరమెంటు కాగితం, ఒకదాంట్లో
ఎండిన కందిపప్పు గింజ ఒకటి.

సెటిల్ దగ్గర మలుపు తిరిగాక
ఇండికేటరు ఆపడం మర్చిపోయింది.
మీటరు మీద పచ్చచుక్క ఆరుతోంది, వెలుగుతోంది.
చెప్పనా వద్దా అని
ఓ మైలు దాకా ఆలోచించాను.